మోటర్ ఎయ్, తలుపు ఎయ్

మొన్న మిర్యాలగూడ పోయినప్పుడు మా అన్న బిడ్డ తెలుగు పరీక్ష పేపరు తెచ్చి నా ముందు పడేసింది. సొంతవాక్యాల్లో 'మా తాత పొలం నుంచి వచ్చిండు' అని రాసింది. 'వచ్చిండు' చుట్టూ ఎర్ర సున్నా, అర మార్కు కట్. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి ఫొటోకు దండ వేసి, వాడుక భాష మీద పిల్లలతో ఉపన్యాసాలు ఇప్పించేది కూడా ఆ స్కూలే!

'వచ్చిండు'కు వ్యాకరణం లేదనుకుంటారు. ఎందుకు లేదు? వాడు వచ్చిండు, వాళ్లు వచ్చిండ్రు, ఆమె వచ్చింది, నేను వచ్చిన, నువ్వు వచ్చినవ్. మా దిక్కు నాలుగేండ్ల పిల్లగాడి ముందు 'అమ్మ వచ్చిండు' అని చూడండి, పడీ పడీ నవ్వుతాడు. వాడికి ఆ సూత్రం ఎవరూ చెప్పలేదు.

ఇదంతా విని మా మేనకోడలు నెమ్మదిగా అడిగింది: "అత్తమ్మా, నువ్వు గూడ ఆఫీసుల గిట్లనే కొట్టేస్తవంట గద?"

దొరికిపోయాను. నేను హైదరాబాద్‌లో విమానాల మెయింటెనెన్స్ మాన్యువల్స్ రాస్తాను. మాకు సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లిష్ అని ఒక రాత నియమాల పద్ధతి ఉంది, దాని మొదటి గైడ్ 1986లో వచ్చింది. పని చెప్పే వాక్యం 20 పదాలు దాటకూడదు. ఒక మాటకు ఒకటే అర్థం. 'క్లోజ్' అంటే మూయడమే, 'దగ్గర' అనాలంటే 'నియర్' రాయాలి. 'ఫాలో' అంటే వెనుక రావడం, సూచనలు పాటించమనాలంటే 'ఒబే'. పోయిన వారం కొత్త కుర్రాడి పేజీలో ఆరు చోట్ల గీత పెట్టింది నేనే. అతని ఇంగ్లిష్‌లో తప్పేమీ లేదు. కానీ అర్ధరాత్రి హ్యాంగర్‌లో దాన్ని చదివే మెకానిక్‌కు ఇంగ్లిష్ ఇంటి భాష కాకపోవచ్చు. అతనికి రెండో అర్థం తట్టిందంటే ప్రమాదం.

ఇది ఆ పిల్లకెట్లా చెప్పాలి? బోరు దగ్గరికి తీసుకుపోయాను.

"తలుపు ఎయ్ అంటే మూయాలె. మోటర్ ఎయ్ అంటే నడపాలె. మందు ఎయ్ అంటే యూరియా చల్లాలె. మా ఆఫీసుల 'ఎయ్' పాస్ కాదు."

"మరి వచ్చిండు?"

"దాంతోని ఎవరికీ తికమక లేదు. పాసైతది."

"మరి నా అర మార్కు?"

"పరీక్షల 'వచ్చాడు' అని రాయి" అన్నాను, నాకే నచ్చకుండా. మూతి ముడిచింది.

ఇంతలో కరెంటు వచ్చింది. పొలంలోంచి అన్న కేక: "మోటర్ ఎయ్యి బిడ్డా! డబ్బా తలుపు గూడ ఎయ్యి!"

పచ్చ బటన్ నొక్కి, స్టార్టర్ డబ్బా తలుపు మూసి, చెప్పులు అక్కడే వదిలేసి కాలువ దిక్కు ఉరికింది.