పిల్లల మాత్ర, నాలుగుసార్లు తిరిగిన ఫైలు: నా అనుభవం

నిన్న సాయంత్రం థీసిస్ బైండింగ్‌కి ఇచ్చేసి వచ్చాను. కోపం చల్లారకముందే ఇది రాసేయాలి.

నేను తిరుపతిలో ఎం.ఫార్మసీ చదువుతున్నా. నా ప్రాజెక్టు ఫిట్స్ వచ్చే పిల్లల కోసం నోట్లో వేసుకోగానే విడిపోయే లెవెటిరాసెటమ్ మాత్ర. గైడ్ ఇచ్చిన టాపిక్ కాదు, నేనే అడిగి తీసుకున్నా. పీలేరులో మా అక్క కొడుక్కి ఐదేళ్లు, రోజుకి రెండుసార్లు సిరప్ పట్టాలి. బావ చేతులు పట్టుకుంటే అక్క స్పూనుతో పోస్తుంది, వాడు సగం ఉమ్మేస్తాడు. లోపలికి ఎంత పోయిందో తెలీదు, మళ్లీ పోస్తే డోసు ఎక్కువైపోతుందని భయం.

మందు తెప్పించడం, మొదటి టెస్టులు ఇబ్బంది లేకుండా అయిపోయాయి. చేదు తెలియకుండా మందు మీద యూడ్రాజిట్-E అనే పాలిమర్‌తో పూత వేశాం. అది లాలాజలంలో కరగదు, కడుపులో యాసిడ్ తగిలితే కరుగుతుంది. మాత్రలు నొక్కే మిషన్ మీద ఒత్తిడి పెంచితే పూత పగిలి చేదు బయటికొచ్చేది, తగ్గిస్తే మాత్ర పొడిపొడి అయ్యేది. నవంబర్ వానలకి ఒక బ్యాచ్ మొత్తం తేమ పీల్చి మెత్తబడింది. పదకొండో బ్యాచ్‌కి కుదిరింది.

అసలు కష్టం ఎథిక్స్ కమిటీ దగ్గర, అంటే మనుషుల మీద చేసే పరీక్షలకి అనుమతిచ్చే కమిటీ. పెద్దవాళ్లయిన వాలంటీర్లతో రుచి చూపించడానికి అనుమతి కావాలి. తెలుగు కన్సెంట్ ఫారం (వాలంటీర్లు ఒప్పుకుంటూ సంతకం పెట్టే కాగితం) లేదని ఒకసారి, పేజీ నంబర్లు లేవని ఇంకోసారి ఫైలు వెనక్కి పంపారు. ఆఫీసులో అడిగితే రోజూ "రేపు రామ్మా" అనే మాటే. మూడోసారి లోపలికి పిలిచారు. ఒక పెద్దాయన ఫైలు తెరవకుండానే, "పిల్లల మందే కదమ్మా, కాస్త చక్కెర కలిపితే సరిపోదా, దీనికి ఇంత ప్రాజెక్టా?" అన్నాడు. అందరూ నవ్వారు. మా గైడ్ తల వంచుకుని కాఫీ తాగుతున్నారు. జవాబు తెలిసి కూడా నాకు నోరు పెగల్లేదు. బస్సులో ఇంటిదాకా ఏడుస్తూనే ఉన్నా.

ఆ జవాబు ఇప్పుడు చెప్తా. ఈ మందు నీళ్లలో ఇట్టే కరుగుతుంది, తీపి పోయాక కూడా చేదు నాలుక మీద ఉంటుంది. ఒక్క మాత్రలో మందే 250 మి.గ్రా. ఇలాంటి మాత్ర బరువు 500 మి.గ్రా. దాటకుండా చూడమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే చెప్పింది. పూత, మిగతా పదార్థాలు పోను చక్కెరకి చోటెక్కడ? పైగా మందులకి లొంగని ఫిట్స్ ఉన్న కొందరు పిల్లలకి కీటోజెనిక్ డైట్ (చక్కెర, పిండి పదార్థాలు బాగా తగ్గించి కొవ్వు ఎక్కువ ఉండే తిండి) పెడతారు, వాళ్లకి సిరప్‌లోని చక్కెర కూడా లెక్కే. పిల్లల మందు తేలిక అనుకునేవాళ్లు ఒక్క రాత్రి మా అక్క ఇంట్లో ఉండి చూడాలి.

నాలుగోసారికి అనుమతి వచ్చింది. మీరు వెళ్తే తెలుగు ఫారం ముందే రాసుకోండి, ఫైలు ఇచ్చినట్టు ముద్ర వేయించుకోకుండా కౌంటర్ దగ్గర్నించి కదలకండి.

మాత్ర 22 సెకన్లలో విడిపోయింది, ఎక్కువమంది వాలంటీర్లు చేదే లేదన్నారు. మా బ్యాచ్‌లో ఇంత బాగా ఎవరికీ రాలేదు, గర్వంగానే చెప్తున్నా.

"రెండు మాత్రలు తీసుకురావే, వాడికి వేసి చూద్దాం" అని అక్క ఫోన్ చేసింది. ఇవ్వలేదు. ల్యాబ్‌లో చేసింది, పిల్లల మీద ఇంకా ఎవరూ పరీక్షించలేదు. వాడి డాక్టర్‌ని అడిగి సూది లేని సిరంజి కొనిచ్చా. కూర్చోబెట్టి చెంప లోపలివైపు కొద్దికొద్దిగా వదిలితే ఉమ్మడం తగ్గింది. అక్కకి మాత్రం నా మీద ఇంకా కోపం పోలేదు.