కాగితం దాటిన గీత

ఈ రోజు పదో తరగతికి ఇనుప రజను ప్రయోగం చేయించాను. దండాయస్కాంతం మీద తెల్లకాగితం పరిచి, రజను చల్లి, వేలితో మెల్లగా తట్టగానే గీతలు తేలాయి. ముందు బెంచీ అమ్మాయి ధ్రువం దగ్గర మొదలైన ఒక గీతను చూపించి, "మేడమ్, ఇది కాగితం దాటిపోయింది, మళ్లీ ఎక్కడ తిరిగొస్తుంది?" అంది. చుట్టూ తిరిగి రెండో ధ్రువానికి చేరుతుందని చెప్పాను. అంతలో బెల్లు కొట్టారు.

ఇంటికొచ్చి పప్పు పొయ్యి మీద పెట్టినా ఆ ప్రశ్న వదల్లేదు. ఎమ్82 గెలాక్సీ గుర్తొచ్చింది.

అది మనకు సుమారు 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. పక్కనున్న ఎమ్81 గెలాక్సీ ఆకర్షణకు కుదుపు తిని, దాని నడిబొడ్డున నక్షత్రాలు మన పాలపుంతలో కంటే దాదాపు పది రెట్లు జోరుగా పుడుతున్నాయి. వాటిలో భారీవి త్వరగా సూపర్నోవాలై పేలిపోతాయి. ఆ ధాటికి పైకీ కిందికీ వాయువు ఎగజిమ్ముతోంది. రేపటి నక్షత్రాలకు కావలసిన సరుకునే అది బయట పారబోసుకుంటోంది. ఎన్నిసార్లు చదివినా నాకు గుండె బరువెక్కుతుంది.

ఆ వాయువుతో పాటు అయస్కాంత క్షేత్రం కూడా లాక్కుపోబడుతోందని సోఫియా చూపించింది. బోయింగ్ 747 విమానంలో 2.7 మీటర్ల దర్పణంతో అమర్చిన టెలిస్కోపు అది. గాలిలోని తేమ పరారుణ కాంతిని మింగేస్తుంది కాబట్టి అంత ఎత్తుకెళ్లి చూసేవారు. 2022లో ఆపేశారు, నాకిప్పటికీ బాధే. ఎమ్82లో మన రజను పని ధూళి చేస్తుంది. కాకపోతే రజను గీత వెంట పడుకుంటుంది, పొడవాటి ధూళి రేణువులు గీతకు అడ్డంగా నిలుస్తాయి. వాటి నుంచి వచ్చే కాంతి ధ్రువణాన్ని, అంటే ఆ కాంతి తరంగాలు ఏ దిశలో ఊగుతున్నాయో దాన్ని బట్టి క్షేత్రం ఏ దిక్కున ఉందో పట్టుకుంటారు. ఆ తర్వాత సూర్యుడి క్షేత్రానికి వాడే లెక్కనే దీనికీ వాడి చూస్తే, గీతలు దగ్గర్లో వెనక్కి వంగకుండా గెలాక్సీల మధ్య ఖాళీలోకి సాగిపోతున్నాయని తేలింది.

భోజనాలయ్యాక డాబా ఎక్కాను. సప్తర్షులు అప్పుడే పైకొస్తున్నారు. పులస్త్యుడి నుంచి క్రతువు దాకా గీత గీసి, ఇంకో అంత దూరం ముందుకెళ్తే ఎమ్82 ఉండేది అక్కడే. కంటికి కనిపించదు. అయినా చాలాసేపు అటే చూస్తూ నిలబడ్డాను.

రేపు మొదటి పీరియడ్ వాళ్లకే. ఆ అమ్మాయికి సగం జవాబే ఇచ్చాను, మిగతా సగం బోర్డు మీద గీసి చూపించాలి.