రెండు మిల్లీమీటర్లు

"అన్నా, డ్రాయింగ్ మళ్లీ మారింది."

టీ గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది. బ్రాకెట్‌లో ఒక్క హోల్ 2 మిల్లీమీటర్లు పక్కకు జరిగిందట. అంతే, ముక్కను పట్టి ఉంచే ఫిక్చర్ మార్చాలి, దాన్ని అచ్చొత్తే డై మార్చాలి. ఈ వారం డిస్పాచ్ గోవిందా.

హెన్రీ ఫోర్డ్ గుర్తొచ్చాడు. 1927 మేలో మోడల్-టి ఆపేశాడు. అప్పటికి కోటిన్నర కార్లు. దాని బదులు కొత్త కారు మోడల్-ఎ జనం ముందుకొచ్చింది డిసెంబర్ 2న. మధ్యలో ఆరు నెలలు లైన్లు ఖాళీ, వేలమందికి పని లేదు. యంత్రాలన్నీ ఆ పాత కారు కొలతలకే బిగించినవి మరి!

తీరా వచ్చాక బ్రేకుల దగ్గర పేచీ. హ్యాండ్‌బ్రేక్ కాలి బ్రేకుతో కలవకుండా విడిగా ఉండాల్సిందేనని కొన్ని అమెరికా రాష్ట్రాలు పట్టుబట్టాయి. 1928లో మళ్లీ డిజైన్ మార్పు.

అక్కడ ఆ కబురు ముందు విన్నవాడి మొహం నాకు బాగా తెలుసు. పొద్దున అద్దంలో చూశా.