డిలీట్ బటన్ ఎక్కడుంది?

నిన్న రాత్రి ఒక యాప్‌లో నా అకౌంట్ తీసేద్దామని కూర్చున్నాను. తెరిచినప్పుడు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మూయడానికి మాత్రం సెట్టింగ్స్ లోపల సెట్టింగ్స్, ఆపైన "నిజంగా వెళ్లిపోతారా?" అని మూడుసార్లు బతిమాలడం. చుట్టాలు కూడా ఇంతగా ఆపరు!

ఆన్‌లైన్ వేదికలు ఇలా మనిషిని తికమకపెట్టే డిజైన్లు వాడకూడదని ఐరోపా డిజిటల్ సర్వీసెస్ చట్టం అంటోంది. 2024 ఫిబ్రవరి నుంచి అది పూర్తిగా అమల్లో ఉంది. పెద్ద టెక్ కంపెనీల పెత్తనానికి కళ్లెం వేసే దాని జంట చట్టం, డిజిటల్ మార్కెట్స్ చట్టం కింద 2025 ఏప్రిల్‌లో యాపిల్‌కు 50 కోట్ల యూరోలు, మెటాకు 20 కోట్ల యూరోలు జరిమానా వేశారు. వినడానికి పెద్ద మొత్తాలే. వాళ్ల ఆదాయం ముందు చిల్లరే అనిపిస్తుంది నాకు.

ఇంతకీ నా అకౌంట్ ఇంకా పోలేదు. 30 రోజులు ఆగాలట. ఈలోగా పొరపాటున లాగిన్ అయితే మళ్లీ మొదటికే.