బత్తలపల్లి దగ్గర ఒక డ్రిప్పు తోట

ధర్మవరంలో రైలు దిగి బత్తలపల్లి బస్సు కోసం నిలబడేసరికే చిరాకు మొదలైంది. పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేని దారికి ఆటో అతను అడిగిన డబ్బుతో మా రాజమండ్రి నుంచి కాకినాడకు బస్సులో పోయి రావచ్చు. ఉగ్గాని, బజ్జి తిన్నాక కోపం కాస్త చల్లారింది. ఫాదర్ పెట్టిన సంస్థ ఆసుపత్రి, ఆయన సమాధి చూడటం తొందరగానే అయిపోయింది. మిగిలిన పూటంతా ఒక మామిడి తోటే తినేసింది.

ఫాదర్ అంటే ఇక్కడ విన్సెంట్ ఫెర్రర్. స్పెయిన్ నుంచి 1952లో జెసూట్ అనే క్యాథలిక్ సన్యాసుల సంఘం సభ్యుడిగా వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో రైతులకు గోధుమలు, నూనె ఇచ్చి వాళ్ల బావులు వాళ్లచేతే తవ్వించిన మనిషి. 1968లో దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. మరుసటి ఏడే తిరిగొచ్చి అనంతపురంలో పని మొదలుపెట్టాడు. 1970లో జెసూట్ సంఘాన్ని వదిలినా 2009లో పోయేదాకా జనానికి ఫాదరే. ఆయన పెట్టిన సంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) కట్టించే ఇళ్లు ఆడవాళ్ల పేరు మీదే రాస్తారు. అనంతపురంలో ఆయన దిగిన ఇంటి గోడ మీద 'అద్భుతం కోసం ఎదురుచూడు' అని రాసి ఉండేదని చెబుతారు. ఆ మామిడి తోట రైతు, పెద్దాయన, నాకు చూపించింది మాత్రం డ్రిప్పు నీళ్లలో చెత్తను ఆపే జాలీ ఫిల్టరు.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని ఎర్ర గరుసు నేల ఇది. ఒకప్పుడు మొత్తం శెనక్కాయే. కాయ కట్టే ఊడలు మట్టిలోకి దిగే వేళ మూడు వారాలు వాన మొహం చాటేస్తే పెట్టుబడి మట్టిలో కలిసినట్టే. అందుకే సంస్థ చెక్‌డ్యాములతో పాటు పండ్ల తోటలు, డ్రిప్పు వైపు నడిచింది. మామిడి మొక్కకూ మొక్కకూ ఎనిమిది మీటర్లు వదిలితే ఎకరాకు అరవై చిల్లర పడతాయి. మీటరు లోతు గుంత తీసి, పైమట్టిలో పశువుల ఎరువు కలిపి పూడుస్తారు. కాపు రావడానికి నాలుగైదేళ్లు. అందాకా సాళ్ల మధ్య అలసందో, కందో, శెనక్కాయో వేసుకుని ఇల్లు గడుపుకోవాలి.

"దుడ్లు ఎవురన్నా ఇస్తారు సార్. పైపులు కడిగేది ఎవురు?" అన్నాడు పెద్దాయన, ఫిల్టరు మూత తిప్పుతూ. దానికి అటూ ఇటూ నీటి ఒత్తిడి చూపించే రెండు గేజీలు. నీళ్లు లోపలికి పోయే చోట రెండు కేజీలు, బయటికొచ్చే చోట ఒకటిన్నర చూపిస్తోంది. తేడా అరకేజీకి వచ్చిందంటే జాలీలో చెత్త చేరినట్టు. మోటారు ఆపి, జాలీ బయటికి తీసి, మెత్తటి బ్రష్షుతో కడిగాడు. ఇనుప బ్రష్షు పెడితే జాలీ చిరిగి ఇసుక నేరుగా డ్రిప్పర్లలోకి పోతుంది.

తర్వాత చెట్ల వరసల వెంట పోయే పదహారు ఎం.ఎం. లేటరల్ పైపుల చివర మూతలు ఒక్కొక్కటే విప్పాడు. ముందు ఎర్రగా, జిగటగా వచ్చింది. తేటనీళ్లు వచ్చేదాకా ఒకట్రెండు నిమిషాలు వదిలి బిగించాడు. పదిహేను రోజులకోసారి ఈ పని తప్పదు. అన్నీ ఒకేసారి విప్పితే ఒత్తిడి చాలక మడ్డి కదలదు.

బోరు నీళ్లలో ఉప్పెక్కువ. డ్రిప్పరు మూతి దగ్గర తెల్లటి పొక్కు కడుతుంది. గంటకు ఎనిమిది లీటర్లు వదలాల్సింది మూడుకు పడిపోతుంది. చెట్టు వాడేదాకా కంటికి ఆనదు. అందుకని డ్రిప్పరు కింద డబ్బా పెట్టి కొలవాలి. పొక్కు పోవడానికి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను నీళ్లలో పోసి, అంటే యాసిడ్‌లో నీళ్లు పోయకుండా, మందును పైపుల్లోకి లాగే వెంచురీ ద్వారా పంపిస్తారు. లైను చివర నీటి పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె) నాలుగుకు దిగగానే ఆపేసి, ఒక రోజంతా పైపుల్లో నిలవుంచి కడిగేస్తారు. పాచికి బ్లీచింగ్ వేరే రోజు. రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది.

మా గోదావరి వైపు కాలువకు తూము ఎత్తి ఇంటికొచ్చి పడుకుంటారు. ఎన్ని గంటలు పారిందో అడిగే నాథుడు లేడు. ఇక్కడ ముసలి చెట్టుకు నాలుగు డ్రిప్పర్లు, మూడు గంటలు, అంటే వంద లీటర్లకు కాస్త తక్కువ. ఆ డ్రిప్పర్లు కూడా చెట్టు మొదలు దగ్గర ఉండకూడదు, కొమ్మల నీడ అంచున ఉండాలి. పీల్చే వేళ్లు అక్కడే ఎక్కువ. పాత చోటే వదిలేస్తే మొదలు కుళ్లుతుంది.

ఎండాకాలం ఉడతలు నీళ్ల కోసం పైపులు కొరుకుతాయి. అందుకే పెద్దాయన జేబులో ఎప్పుడూ నాలుగు జాయినర్లుంటాయి. గుంటక తోలే ముందు లేటరల్ చుట్టి చెట్టు మొదట్లో పెట్టకపోతే ఉడతల కంటే ఎక్కువ నష్టం మనమే చేసుకుంటాం.

"ఊరికే ఇచ్చింటే ఎప్పుడో పాత సామాన్లకు ఏసేవాళ్లం," అన్నాడు. పైపుల ఖర్చులో తన వాటా ఉంది, గుంతలు ఇంటిల్లిపాదీ తీశారు. ఆ మాట ఎంతవరకు నిజమో గానీ, పక్క చేలో ఎవరూ పట్టించుకోని డ్రిప్పు ఎండకు పెళుసెక్కి పడి ఉండటం నేనూ చూశాను.

కాయ అమ్మకం మాటెత్తగానే ఆయన గొంతు మారింది. మండీలో టన్నుకు ఇంతని సూట్ (తరుగు) కింద ముందే కోసేస్తారు. ఆపైన కమీషను, హమాలీ. ఈసారి నలుగురైదుగురు రైతులు కలిసి ఒకే వ్యాన్ మాట్లాడుకుని బెంగళూరుకు తోలాలనుకుంటున్నారట. బాడుగ ఎంతవుతుందో లెక్క వేయమని నా ఫోన్ తీయించాడు.