జబ్బు పేరు ఒకటే, రిపోర్టులు వేరు

నాకు వచ్చింది అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా, ఏఎంఎల్, ఒక రకం రక్త క్యాన్సర్. చిగుళ్ల నుంచి రక్తం, తొడల మీద కమిలిన మచ్చలు, తగ్గని జ్వరం. గాజువాకలో రక్తపరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి ఉన్నాయి, బ్లాస్ట్‌లనే ఎదగని రక్తకణాలు కనిపించాయి. ఆ రాత్రే ఆసుపత్రిలో చేరాను.

తుంటి ఎముక నుంచి మజ్జ తీశారు. సూది గుచ్చినప్పటికంటే సిరంజిలోకి లాగినప్పుడే ప్రాణం పోయినట్టుంటుంది. నొప్పే ఉండదని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆకుపచ్చ మూత ట్యూబులో కొంత, ఊదా మూత ట్యూబులో కొంత పోశారు. మొదటిది కారియోటైప్‌కి. దానికి కణాలు బతికుండాలి. ల్యాబ్‌లో పెంచి, అవి విడిపోతుండగా ఆపి, క్రోమోజోములను మైక్రోస్కోపులో చూస్తారు. రెండోది డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ పరీక్షలకి. కీమో పడ్డాక ఈ కణాలు సరిగా దొరకవు కాబట్టి ముందే తీయాలని డాక్టరమ్మ పట్టుబట్టారు. ఏఎంఎల్‌లోనే ఏపీఎల్ అనే రకం కాదని మాత్రం వెంటనే తేల్చుకున్నారు. 15, 17 క్రోమోజోముల ముక్కలు తారుమారై వచ్చే ఆ రకానికి మందులే వేరు. ఆలస్యమైతే రక్తస్రావంతో మనిషి దక్కకపోవచ్చు, సమయానికి పట్టుకుంటే చాలామందికి నయమవుతుంది.

కీమోలో ఏడు రోజులు సైటరబిన్, అందులో మూడు రోజులు డౌనోరూబిసిన్. రక్తకణాల కౌంట్లు పడిపోయి, ఊపిరితిత్తుల్లో ఫంగస్ చేరి, చాలా బాధపడ్డాను. ఆ రోజులు నాకు సరిగా గుర్తు లేవు.

కారియోటైప్ ముందు వచ్చింది. 46 ఎక్స్‌వై, అంటే మగవాడికి ఉండాల్సిన 46 క్రోమోజోములూ ఉన్నాయి, నార్మల్. మా అమ్మ సంబరం చెప్పలేను. "అంతా బాగున్నాదని రాసుంటే ఇంకేటి నాయనా, అప్పన్న మొక్కు తీర్చీసి ఇంటికెల్లిపోదాం" అంది. డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టుకుని, "అమ్మా, క్రోమోజోముల్లో పెద్ద విరుగుళ్లు లేవని మాత్రమే దీనర్థం. చిన్న తేడాలు అందులో కనబడవు" అన్నారు. క్రోమోజోముల మీద మెరిసే రంగు అంటించి చూసే ఫిష్ పరీక్ష కూడా ముందే తెలిసిన చోట్లనే వెతుకుతుంది. జీన్లను అక్షరం అక్షరం చదివేది ఎన్‌జీఎస్ అనే డీఎన్‌ఏ పరీక్ష. దానికి వారాలు పడుతుంది.

నేను పోర్టులో క్లియరింగ్ ఏజెంట్ దగ్గర పనిచేస్తాను. పైకి సరుకు ఒకటే, కాగితంలో కోడ్ మారితే సుంకం మారిపోతుంది. నా రిపోర్టు కూడా అంతే. ఎన్‌పీఎం1 అనే జీన్‌లో మార్పు ఉంది, ఫ్లిట్ త్రీ అనే జీన్‌లో వచ్చే ఐటీడీ మార్పు లేదు. అనుకూలమైన గుంపు అన్నారు. పక్క మంచం మీద టెక్కలి కుర్రాడిదీ ఏఎంఎల్లే. అతనికి ఫ్లిట్ త్రీ మార్పు ఉంది. కీమోతోపాటు ఆ మార్పు మీద పనిచేసే మిడోస్టారిన్ క్యాప్సూళ్లు, తర్వాత మూలకణాల మార్పిడి. అన్నదమ్ముల్లో ఎవరిది సరిపోతుందోనని హెచ్‌ఎల్‌ఏ పరీక్షలు మొదలుపెట్టారు. నాకంటే చిన్నవాడు, గట్టివాడు. నా రిపోర్టు చూసి సంతోషించడానికి సిగ్గేసింది.

వందలో ఎంతమంది బతుకుతారని అడిగాను. ఆ లెక్క గుంపుది, మీది కాదు అన్నారు. వయసు, మందుకు ఎలా స్పందించారు, మిగిలిన జబ్బు ఎంత, ఇవన్నీ కలిపి చూడాలి. రెండు విడతల కీమో తర్వాత ఎంఆర్‌డీ, అంటే ఆ మిగిలిన జబ్బు ఎంతో, చూశారు, ఎన్‌పీఎం1 ఆనవాలు దొరకలేదు. అందుకే నాకు ట్రాన్స్‌ప్లాంట్ లేకుండా ఎక్కువ డోసు సైటరబిన్‌తో ముగించారు.

జీన్ టెస్టు అనగానే బంధువులకు వేరే టెన్షన్ పట్టుకుంది. మా పెద్దమ్మ అయితే, "పిల్లకి సంబంధాలు చూస్తున్నారు, ఈ కాగితం ఎవరికీ చూపించకండర్రా" అంది. నా మార్పు పుట్టుకతో వచ్చింది కాదు, మజ్జలోని కణాల్లో తర్వాత పుట్టింది, అమ్మాయికి వెళ్లదు. కొన్ని కుటుంబాల్లో వారసత్వంగా వచ్చే రకాలు కూడా ఉన్నాయి. అలా అనుమానం వస్తే చర్మం నుంచి విడిగా నమూనా తీసి చూస్తారు. పెద్దమ్మకి ఇంకా నమ్మకం కుదరలేదు.

ఇప్పుడు రెమిషన్‌లో, అంటే జబ్బు కనబడని స్థితిలో ఉన్నాను. కొన్ని నెలలకోసారి ఎన్‌పీఎం1 పీసీఆర్ చేస్తారు. జబ్బు తిరగబెడితే మామూలు రక్తపరీక్షలో కనిపించేలోపే చాలాసార్లు ఇందులో తెలుస్తుంది. రిపోర్టు వచ్చేదాకా అన్నం సహించదు. పనిలో చేరాను, బొగ్గు యార్డు వైపు మాత్రం నన్ను పంపొద్దని సార్‌ని అడిగి ఒప్పించుకున్నాను.