ఇవనోవ్ సర్వీసు

రష్యా జోడీ వ్లదిమిర్ ఇవనోవ్, ఇవాన్ సొజొనోవ్ ఆడిన 2016 ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ పురుషుల డబుల్స్ ఫైనల్ మళ్లీ చూశాను. జపాన్ జోడీ ఎండో, హయకావా మీద 21-23, 21-18, 21-16తో గెలిచారు. ఆ టోర్నీలో రష్యాకు అదే మొదటి టైటిల్.

అంతా ఇవనోవ్ స్మాష్ గురించే మాట్లాడతారు. దాదాపు రెండు మీటర్ల మనిషి ఎగిరి కొడితే షటిల్ నిటారుగా దిగుతుంది, ఎదుటివాళ్లు పైకి లేపడం తప్ప ఏం చేయలేరు. కానీ ఆ పొడవుకు ఇబ్బందీ ఉంది. కుడి తుంటి మీదికి ఫ్లాట్‌గా డ్రైవ్ (నేలకు సమాంతరంగా వేగంగా వచ్చే షాట్) వస్తే చెయ్యి మడిచి రాకెట్ తిప్పేలోపే పాయింట్ పోతుంది. అందుకే ఇలాంటి జోడీ షటిల్ లేపకుండా, దాడి చేతిలో ఉంచుకోవాలి. నెట్ దగ్గర సొజొనోవ్ పని విలువ అక్కడే తెలుస్తుంది. నా లెక్కలో సగం టైటిల్ అతనిదే.

2018లో సర్వీసు రూలు మారింది. అంతకుముందు సర్వీసు చేసేవాడి కింది పక్కటెముకే షటిల్ ఎత్తుకు హద్దు, అంటే పొడవైనవాళ్లకు కాస్త ఎత్తు కలిసొచ్చేది. ఇప్పుడు ఎవరికైనా కొట్టే క్షణంలో షటిల్ మొత్తం నేల నుంచి 1.15 మీటర్ల కిందే ఉండాలి. నెట్ మధ్యలో 1.524 మీటర్లు. అంత కింది నుంచి కొడితే షటిల్ పైకి ఎక్కువ లేస్తుంది, రిసీవర్ ముందుకు దూకి దాన్ని కిందికి కొట్టి పాయింట్ తీసేస్తాడు. మోకాళ్లు వంచి, రాకెట్ తల కిందికి దించి, చిన్న తోపుతో పంపాలి. వంగిన ఒంటితో రిసీవర్ తిరిగి కొట్టగానే మూడో షాట్‌కు లేవడం ఇంకా కష్టం.

అదే 2016లో రియో ఒలింపిక్స్‌లో ఇవనోవ్, సొజొనోవ్ క్వార్టర్స్ దాకా వచ్చి చైనా జోడీ చేతిలో ఓడారు. ఆ మ్యాచ్ కూడా తప్పకుండా చూడండి.